పునరుక్తి దోషమా? – యంత్రాలు పలికిన పది రాగాలు

గానరసాన్ని శిశువూ ఎరుగును, పశువూ ఎరుగును, చివరకు పామూ ఎరుగునని మన పెద్దలు చెప్పిన మాట విద్యార్థులందరూ వినే ఉంటారు. ఆ మాటే నిజమైతే, ఆ ముగ్గురికంటె ఎంతో కొంత చదువుకున్నామని భావించే మాకు, ఒకానొక గ్రామఫోను రికార్డు రుచించడానికి దాదాపు ఒక విద్యా సంవత్సరం ఎందుకు పట్టింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం. ఇందులో సంగీత శాస్త్ర పాండిత్య ప్రదర్శనకు తావు లేదు. మేము తెలుగు చెప్పుకొని బతికేవాళ్లమే గాని సంగీత విద్వాంసులం కాము. విన్నది విన్నట్లుగా, పొరబడినది పొరబడినట్లుగా పాఠకుల ముందుంచడమే మా పని.

డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థి ఒకడు ఒకనాడు తరగతి ముగిసిన తరువాత మా వద్దకు వచ్చి, తన ఫోనులో ఏదో వినిపిస్తూ, "సార్, మాల్‌కౌంస్ అంటే మన హిందోళమేనా?" అని అడిగాడు. మేము రెండు నిమిషాలైనా వినలేదు. ఒకే దెబ్బ, మళ్లీ అదే దెబ్బ. ఒకే వరస, మళ్లీ అదే వరస. "నాయనా, ఇది రాగమూ కాదు, సంగీతమూ కాదు. ఇది కుట్టుమిషను చప్పుడు" అన్నాము. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. ఆ విద్యార్థి కూడా మర్యాదకు నవ్వి, ఫోను జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. అతడు అడిగిన ప్రశ్నకు మేము సమాధానం చెప్పలేదన్న సంగతి ఆ రాత్రి గాని మాకు స్ఫురించలేదు. ప్రశ్న అడిగినవాడికి సమాధానం బదులు పరిహాసం ఇవ్వడం ఉపాధ్యాయ వృత్తిలో చిన్న తప్పు కాదు. ఆ తప్పు దిద్దుకోవడానికే మొదట ఆ రికార్డును పూర్తిగా విన్నాము.

ఆ రికార్డు పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. అంటే డిస్కో తాళానికి అమర్చిన పది రాగాలని అర్థం. దీని కర్త బొంబాయి సినీ వాద్యబృందాలలో గిటారు, కీబోర్డు వాయించిన చరణ్‌జిత్ సింగ్. ఆర్.డి. బర్మన్ వంటి సంగీత దర్శకుల పాటలకు పనిచేసిన అనుభవం ఆయనది. సినిమా పాట వినేవారికి గాయకుని పేరు తెలుస్తుంది, సంగీత దర్శకుని పేరు తెలుస్తుంది. వెనుక కూర్చుని వాయించినవాని పేరు సాధారణంగా తెలియదు. అటువంటి వెనుక వరుస మనిషి 1982లో తన పేరు మీద చేసిన ప్రయోగమిది. హెచ్.ఎం.వి. ముద్రతో వెలువడింది.

ఆ కాలాన్ని కొంచెం జ్ఞాపకం చేసుకోవాలి. 1980లో 'కుర్బానీ' చిత్రంలోని పాటతో నాజియా హసన్ కంఠం దేశమంతా మారుమోగింది. 1981లో ఆమె 'డిస్కో దీవానే' వచ్చింది. 1982 చివర 'డిస్కో డాన్సర్' చిత్రం వచ్చింది. డిస్కో అన్న మాట తగిలిస్తే ఏదైనా అమ్ముడుపోతుందని వ్యాపారులు నమ్మిన రోజులవి. సింగ్ గారి రికార్డు పేరులోనూ ఆ మాట ఉంది. అయినా ఆ రికార్డు అమ్ముడుపోలేదు. సంప్రదాయ సంగీత ప్రియులకు అందులో డిస్కో ఎక్కువైంది. నాట్యం చేయదలచినవారికి రాగం ఎక్కువైంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాని గతి దానికి పట్టింది.

ఇక ఆ వాద్యాల సంగతి. ఇందులో ప్రధానమైనవి మూడు. మూడూ జపానులోని రోలాండ్ సంస్థ తయారు చేసినవే. మొదటిది టి.ఆర్. 808 అనే తాళయంత్రం. దీనిలో ఎవరి డోలు మోతా రికార్డు చేసి పెట్టలేదు. విద్యుత్ వలయాలే డోలు, చప్పట్లు, గంట మొదలైన ధ్వనులను పుట్టిస్తాయి. ముందు భాగంలో వరుసగా 16 మీటలుంటాయి. ఏ మీట నొక్కి ఉంచితే ఆ స్థానంలో దెబ్బ పడుతుంది. 16వ స్థానం దాటగానే యంత్రం మళ్లీ 1వ స్థానానికి వస్తుంది. రెండవది టి.బి. 303. గిటారు వాయించేవానికి మంద్రస్వరాల తోడు కావాలని దీనిని తయారు చేశారు. ఇదీ 16 స్థానాల వరసను మళ్లీ మళ్లీ పలుకుతుంది. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే సౌకర్యం దీనిలో ఉంది. ధ్వనిలోని పై పొరలను కోసివేసే మీట ఒకటి ఉంది. దానిని తిప్పుతూ ఉంటే, దుప్పటి కప్పుకొని పాడేవాడు మెల్లగా దుప్పటి తొలగించినట్లుగా ధ్వని తేటపడుతుంది. మూడవది జూపిటర్-8. ఏకకాలంలో ఎనిమిది స్వరాలు పలుకగల సింథసైజరు. దీనిని మనిషి వేళ్లతోనే వాయించాలి.

ఈ మూడింటి విభజనను గ్రహిస్తే రికార్డు స్వరూపం బోధపడుతుంది. తాళం యంత్రానిది. మంద్రస్వరాల అల్లిక యంత్రానిదే అయినా, ఆయా రాగస్వరాలకు లోబడేటట్లు మనిషి ముందుగా అమర్చినది. వాటిపైన రాగసంచారం మాత్రం ఆద్యంతం మనిషి చేతిది. భైరవి, లలిత్, భూపాలీ, తోడీ, మధువంతి, మేఘమల్హార్, యమన్, కళావతి, మాల్‌కౌంస్, బైరాగి – ఇవీ ఆ పది రాగాలు. ఒక్కొక్కటి సుమారు ఐదు నిమిషాలు. వేగం మారదు, దెబ్బ మారదు, విరామం ఉండదు.

మొదటిసారి పూర్తిగా విన్నప్పుడు మా అభిప్రాయం మారలేదు సరిగదా, దానికి కారణాలు కూడా దొరికాయి. రాగమంటే స్వరాల పట్టిక కాదు. స్వరాన్ని ఊపే తీరు, ఒక స్వరం నుంచి మరొక దానికి వెళ్లే దారి, ఎక్కడ నిలవాలో అక్కడ నిలవడం – ఇవన్నీ కలిస్తేనే రాగం. సింథసైజరులో ఒక స్థాయిని పన్నెండు సమభాగాలు చేసి బిగించి ఉంచారు. తోడీలోని గాంధారం ఆ మెట్టుకంటె కొంచెం దిగువన ఉండాలని విద్వాంసులంటారు. ఇందులో దిగువకు దిగడానికి మెట్టు లేదు. నెమ్మదిగా రాగాన్ని విప్పే విస్తారమైన ఆలాపనకు ఐదు నిమిషాలలో చోటు లేదు. ఈ ఆక్షేపణలు నాడూ నిజమే, నేడూ నిజమే. వాటిని మేము ఉపసంహరించుకోవడం లేదు.

అయితే మా అసలు ఆక్షేపణ ఇవేవీ కాదు. చెప్పినదే చెప్పడం – అదీ మాకు కంటకమైంది. అలంకార శాస్త్రంలో పునరుక్తి ఒక దోషమని ఏటా తరగతిలో చెప్పేవాళ్లం. ఆ సంస్కారం చెవికి కూడా పట్టి ఉంటుంది.

ఇక్కడ మా పాఠమే మాకు ఎదురు తిరిగింది. పునరుక్తి దోషమని చెప్పిన లాక్షణికులే, హర్షంలోను, శోకంలోను, విస్మయంలోను అది దోషం కాదన్నారు. అంతటితో ఆగక, లాటానుప్రాస అనే అలంకారాన్నే చెప్పారు. పదమూ అదే, అర్థమూ అదే. తాత్పర్యం మాత్రం వేరు. అంటే రెండవసారి వచ్చిన మాట మొదటిసారి వచ్చిన మాటే అయినా, మొదటిసారి వచ్చినదన్న కారణం చేతనే రెండవసారి దాని బరువు మారుతుంది. శతకంలో మకుటం చేసే పని ఇదే. నూరు పద్యాల చివర ఒకే సంబోధన. అది కవికి వేరే మాట దొరకక కాదు. ప్రతి పద్యమూ ఆ సంబోధనకు కొత్త సందర్భం ఇస్తుంది; ఆ సంబోధన ప్రతి పద్యాన్నీ ఇల్లు చేరుస్తుంది.

మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థులకు ఈ విషయం ఇంకా సులభంగా చెప్పవచ్చు. గజల్‌లో ప్రతి షేర్ చివర మారకుండా వచ్చే మాట రదీఫ్. దాని ముందు ప్రాసతో మారుతూ వచ్చేది ఖాఫియా. ముషాయిరాలో కవి ఖాఫియా అందుకోగానే, రాబోయే రదీఫ్‌ను శ్రోతలు కవితోపాటే పలుకుతారు. వచ్చేది ఏమిటో అందరికీ తెలుసు. అయినా వచ్చినప్పుడు "వాహ్" అంటారు. తెలియనిది వచ్చినందుకు కాదు ఆ ఆనందం; తెలిసినదే కొత్త దారిన వచ్చినందుకు. కవ్వాలీలో ఒకే పంక్తిని పదేపదే తిప్పి పాడడం, కర్ణాటక సంగీతంలో పల్లవిని సంగతి మీద సంగతిగా పెంచడం – అన్నిటి రహస్యమూ ఒక్కటే. తంబురా శ్రుతి అయితే కచేరీ ఆసాంతం మారనే మారదు. దానిని ఎవరూ విసుగు అనలేదు.

కాబట్టి ప్రశ్న, ఈ రికార్డులో పునరుక్తి ఉన్నదా లేదా అని కాదు. ఆ పునరుక్తి దేనికి శ్రుతిగా నిలిచింది అన్నది ప్రశ్న. ఈ మాట తోచిన తరువాత మేము విన్న తీరు మారింది. అంతవరకు మేము దెబ్బను వింటూ వచ్చాము. మారనిదానిని వింటూ, అది మారలేదని కోపగించాము. గోడను చూస్తూ బొమ్మ కదలలేదన్నట్లయింది మా పని. ఇక మీదట మారేదానిని వినడం మొదలుపెట్టాము.

అప్పుడు వినబడినవి చెబుతాము. తాళయంత్రం ఎంత నిక్కచ్చిగా ఉంటే, దానిమీద నడిచే చేతి కదలిక అంత స్పష్టంగా తెలుస్తుంది. వాయించేవాడు ఒక తానాన్ని వెంట్రుకవాసి ముందుగా అందుకున్నా, ఒక స్వరాన్ని ఒక్క క్షణం ఆపి వదిలినా, ఆ తేడా పట్టుబడుతుంది. మనుష్యులే తాళం వేస్తే తాళమూ చేయీ రెండూ కదులుతాయి గనుక ఆ తేడా కలిసిపోతుంది. గీత గీసిన కాగితం మీద దస్తూరి ఒంపు తెలిసినట్లుగా ఇక్కడ మనిషి ఒంపు తెలుస్తుంది. యంత్రం మనిషిని మరుగుపరచలేదు; బయటపెట్టింది. అలాగే మంద్రస్వరాల వరస ఒక స్వరం నుంచి మరొక దానికి జారేటప్పుడు మన సంగీతంలోని జారు ఛాయ లీలగా తోస్తుంది. బిగించిన మెట్ల మధ్య ఆ మాత్రమైనా సందు దొరికిందన్న సంతోషం కలుగుతుంది.

రాగాలకు వేళలుంటాయన్నది హిందూస్థానీ సంప్రదాయం. మేము ఆ వేళలను పాటించి చూశాము. రంజాను మాసంలో సహరీకి లేచిన వేళ, తెల్లవారడానికి ముందు, లలిత్ విన్నాము. రెండు మధ్యమాలు పక్కపక్కన పలికే ఆ రాగంలో చీకటికీ వెలుగుకూ మధ్యనున్న సందిగ్ధత కొంతైనా ఆ యంత్రంలోనూ నిలిచింది. మాల్‌కౌంస్‌ను నడిరేయి జవాబు పత్రాలు దిద్దుతూ విన్నాము. ఎనభై పత్రాలలో ఒకే ప్రశ్నకు ఒకే జవాబు. చదువుతూంటే, ఏడవ పత్రంలో ఒక విద్యార్థి తన సొంత మాట ఒకటి చేర్చాడు. ముందటి ఆరూ ఒకే తీరుగా ఉండబట్టే కదా ఆ ఒక్క మాట మెరిసింది! చెవిలో మాల్‌కౌంస్ అదే పని చేస్తున్నది.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. ఒక రాత్రి దీపం ఆర్పి ఆ రికార్డు వింటూ ఉండగా, ఆ దెబ్బ మాకు ఎప్పటినుంచో తెలిసినదనిపించింది. మా తండ్రిగారు దర్జీ. రంజాను చివరి పది రోజులలో ఈదు బట్టల పని ముంచుకు వచ్చేది. తెల్లవార్లూ కుట్టుమిషను నడిచేది. ఉన్నది ఒకటే గది. ఆ మిషను పక్కనే చాప మీద మేమూ, మా తోబుట్టువులూ నిద్రపోయేవాళ్లం. చప్పుడు వల్ల మాకు ఎన్నడూ నిద్ర చెడలేదు. దారం తెగి చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది. బట్ట మలుపు తిరిగే చోట వేగం తగ్గడం, నిలువు కుట్టు వచ్చినప్పుడు పుంజుకోవడం – కళ్లు మూసుకొని ఉండగానే ఆయన చొక్కా ఏ భాగం కుడుతున్నారో మేము చెప్పగలిగేవాళ్లం. మారని దానిలోని మార్పును వినడం మాకు ఆ గదిలోనే అబ్బింది. ఎం.ఏ. చదివి, ఉద్యోగం చేసి, దానిని మరచిపోయాము. ఆ విద్యార్థితో "కుట్టుమిషను చప్పుడు" అన్నప్పుడు మేము నిందించినది దేనిని? మమ్మల్ని చదివించిన చప్పుడునే. ఆ మాట తలచుకొని ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

ఇక ఆ రికార్డుకు, ఆ యంత్రాలకు పట్టిన గతి విచిత్రమైనది. 808 ధ్వనులు నిజమైన డోలులా లేవని చాలామంది పెదవి విరిచారు. 1983లో దాని తయారీ నిలిచింది. 303 అచ్చమైన గిటారులా లేదని కొనేవారు తగ్గారు. 1984లో అదీ ఆగిపోయింది. అమెరికాలోని షికాగోలో కొందరు యువకులు పాతసరుకుగా అమ్ముడుపోతున్న 303ను సంపాదించి, దాని మీటలను ఇష్టం వచ్చినట్లు తిప్పుతూ, పదకొండు నిమిషాలకు పైగా సాగే ఒక రచన చేశారు. ఫ్యూచర్ అనే ఆ బృందం 1987లో వెలువరించిన 'యాసిడ్ ట్రాక్స్' నుంచి 'యాసిడ్ హౌస్' అనే నాట్యసంగీత శాఖ ప్రసిద్ధి పొందింది. అందరూ వద్దన్న యంత్రాలే తరువాత ప్రపంచమంతటా కోరదగినవయ్యాయి.

సింగ్ గారి రికార్డు మాత్రం పాత రికార్డుల గుట్టలలో ఉండిపోయింది. 2002లో ఎడో బౌమన్ అనే డచ్చి రికార్డు సేకర్తకు అది ఢిల్లీలో దొరికింది. ఆయన 2010లో దానిని మళ్లీ ముద్రించి విడుదల చేశారు. విన్నవారు నివ్వెరపోయారు. షికాగోలో పుట్టిందనుకున్న ధ్వని అయిదేళ్లకు ముందే బొంబాయిలో వినిపించింది! కొందరు యాసిడ్ హౌస్‌కు మూలపురుషుడు భారతీయుడేనని రాశారు. ఇక్కడ మనం ఉత్సాహాన్ని కొంచెం అదుపులో ఉంచుకోవాలి. షికాగో యువకులు ఈ రికార్డు విని చేశారనడానికి ఆధారం లేదు. ఒకే యంత్రం రెండు చోట్ల ఇద్దరి చేతికి దొరికింది; దాని స్వభావం ఇద్దరికీ వేర్వేరుగా పట్టుబడింది. వారు యంత్రపు మీటలలో కొత్తదనం వెదికారు. ఈయన దానిమీద పాత రాగాలను నిలిపారు. ముందు వెనుకల వివాదం కంటె ఈ భేదమే మనకు ముఖ్యం.

ఆ కీర్తి ఆయనకు డెబ్బైయవ పడిలో వచ్చింది. ఐరోపా దేశాలలో యువజనుల ముందు ఆ రాగాలను మళ్లీ వాయించే అవకాశం దక్కింది. 2015 జూలైలో ఆయన ముంబయిలో కన్నుమూశారు. ఇరవై ఎనిమిదేళ్లు తన రచన ఎవరికీ పట్టకుండా ఉన్నా, ఆ రచన తానే మారలేదు. మారినది వినేవారి చెవి. ఇది పునరుక్తి గురించి మేము నేర్చుకున్న పాఠానికి పెద్ద ఉదాహరణ.

ఈ రికార్డు మహత్తర కళాఖండమని మేము అనము. పది రాగాలలో కొన్ని యంత్రానికి లొంగాయి, కొన్ని లొంగలేదు. భూపాలీ, మాల్‌కౌంస్ వంటి అయిదు స్వరాల రాగాలు ఆ వేగానికి హాయిగా ఇమిడాయి. తోడీ ఇమడలేదని మా చెవికి తోచింది. దీనిని విని రాగం నేర్చుకోవడం కుదరదు. కాని రాగం తెలిసినవాడు దీనిని విని, వినడం నేర్చుకోవచ్చు. మాకు జరిగిన మేలు అదే.

విద్యార్థులకు ఒక మనవి. నచ్చనిదంతా గొప్పదని నమ్మవలసిన అవసరం లేదు. మూడుసార్లు విన్న తరువాత కూడా నచ్చకపోతే ఆ మాట ధైర్యంగా చెప్పవచ్చు. రెండు నిమిషాలు విని చెప్పేది మాత్రం అభిప్రాయం కాదు, అలవాటు. ఈ మాట మీకంటె ముందు ఉపాధ్యాయులకు చెప్పుకోవలసి ఉంది.

విద్యా సంవత్సరం చివర ఆ విద్యార్థిని పిలిచి, మా పొరపాటు ఒప్పుకున్నాము. అతడు తడబడి, "మీరన్నది నిజమే సార్, కుట్టుమిషను లాగే ఉంటుంది" అన్నాడు. "అవును, అందుకే బాగుంది" అన్నాము. తరువాత అతని పాత ప్రశ్నకు బాకీ తీర్చాము. మాల్‌కౌంస్ మన హిందోళమే. భూపాలీ మన మోహనం, యమన్ కల్యాణికి చుట్టం, కళావతి వలజి, బైరాగి రేవతి. హిందూస్థానీ తోడీ మాత్రం మన తోడి కాదు, దాని స్వరాలు శుభపంతువరాళివి. మన తోడి స్వరాలు వారి భైరవిలో ఉన్నాయి. పేరు ఒకటే అయినంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. వస్తువు ఒకటే అయినా పేరు మారవచ్చు. అతడు శ్రద్ధగా రాసుకున్నాడు. రాసుకున్న తరువాత, "సార్, లలిత్ సంగతి?" అని మరొక ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్న విని మాకు కలిగిన సంతోషం ఇంతింతని చెప్పలేము.